స్టాటిస్టిక్స్ చదివే అమ్మాయికి ఆంత్రొపాలజీ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నేను విశాఖపట్నంలో బీఎస్సీ చదువుతున్నాను. మేజర్ స్టాటిస్టిక్స్. ఇప్పుడు మైనర్ సబ్జెక్టు ఎంచుకోవాలి. మా కాలేజీలో డేటా సైన్స్ ఉంది, ఆంత్రొపాలజీ (మానవశాస్త్రం) కూడా ఉంది. నా మనసు ఆంత్రొపాలజీ మీదే ఉంది. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. "ఎముకలు, కొండజాతులు చదివితే ఎవరమ్మా ఉద్యోగం ఇస్తారు?" అంటున్నారు. నా స్నేహితులంతా డేటా సైన్స్ తీసుకున్నారు. ఫారం ఇవ్వడానికి గడువు దగ్గరపడింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మాయీ, స్టాటిస్టిక్స్, విశాఖపట్నం, ఎముకలు. ఈ మూడూ ఒకే ఉత్తరంలో కనబడగానే నాకు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు గుర్తొచ్చారు. మీ క్లాసులో సి.ఆర్.రావు అంటారు. మీ ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ చదివారు. 1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్లింది అక్కడి పురావస్తు, ఆంత్రొపాలజీ మ్యూజియంలో పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడిన పాతకాలపు అస్థిపంజరాలు అప్పటికే ఇంగ్లండు చేరి ఉన్నాయి. ఆ మనుషులు ఆఫ్రికాలోని ఏయే జనాలకు దగ్గరివాళ్లో కొలతల్ని బట్టి తేల్చాలి. పుర్రె పొడవు ఒక్కటి చూస్తే తేలదు, వెడల్పు ఒక్కటి చూసినా తేలదు. అన్ని కొలతల్నీ ఒకేసారి కలిపి చూసే పద్ధతి కావాలి. ఆ పని చేస్తూనే ప్రసిద్ధ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. నువ్వు పై సెమిస్టర్లలో చదవబోయే మల్టీవేరియేట్ విశ్లేషణలో పెద్ద భాగం ఆ ఎముకల బల్ల మీద పదును తేలింది.

రావుగారిని అక్కడికి పంపిన మహలనోబిస్ (కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినాయన) కథా అలాంటిదే. ఆయన ఫిజిక్స్ మనిషి. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు విశ్లేషించి పెట్టమని 1920లో నెల్సన్ అన్నండేల్ ఆయన్ను అడిగారు. అన్నండేల్ అప్పుడు జువలాజికల్ సర్వే డైరెక్టరు. అక్కడ మొదలైన ఆలోచన 1936 నాటికి 'మహలనోబిస్ దూరం'గా స్థిరపడింది. అన్ని కొలతల్నీ కలిపి చూసి ఒకటి మరొకదానికి ఎంత దూరమో చెప్పే లెక్క అది. డేటా సైన్స్ తీసుకున్న నీ స్నేహితులు మిగతావాటికి పొసగని లెక్కల్ని పట్టుకోవడానికి దాన్ని నేర్చుకుంటారు. అది ఎక్కడ పుట్టిందో వాళ్లకు నువ్వు చెప్పగలవు.

ఈ రెండు సంగతులూ మీ నాన్నగారికి చెప్పు. అయితే ఆయన అడిగింది ఉద్యోగం గురించి. దానికి సూటి జవాబు ఇవ్వాలి. ఆంత్రొపాలజీ మైనర్ ఒక్కదాన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు 60, మైనర్‌కు 24. నీకు అన్నం పెట్టేది ఆ 60. మైనర్‌గా డేటా సైన్స్ తీసుకున్నా ఉద్యోగం ఇప్పించే పని అదే చేయదు, స్టాటిస్టిక్స్ మీద నీకున్న పట్టే చేస్తుంది. మన రాష్ట్రంలో 2023-24లో సింగిల్ మేజర్ (డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానం వచ్చాక నిబంధనలు మారుతూ ఉన్నాయి. నీ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో సీనియర్ల మాట మీద పోకుండా కాలేజీ ఆఫీసులో కాగితం మీద చూసుకో.

నేను ఆంత్రొపాలజీ వైపు మొగ్గడానికి కారణం ఒక్కటే. పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటర్ భాషలు సెలవుల్లో ఇంట్లో కూర్చొని నేర్చుకోవచ్చు. నేర్చుకోవాలి కూడా, అది మాత్రం వదలకు. కానీ ముక్కూమొహం తెలియని ఇంటి అరుగు మీద కూర్చోవడం, ప్రశ్న అడిగి నోరు మూసుకొని వినడం, విన్నదాన్ని ఆ రాత్రే నోట్‌బుక్కులో రాయడం వీడియో చూస్తే రావు. నువ్వు రాసింది చదివి, "ఇది ఆమె చెప్పిందా, నువ్వు అనుకున్నదా?" అని నిలదీసే గురువు ఉండాలి. అలాంటి గురువు నీకు కాలేజీలోనే దొరుకుతుంటే వదులుకోవద్దు.

స్టాటిస్టిక్స్ వాళ్లకు ఇది ఎంత అవసరమో నాకు సర్వేల్లో పని చేసిన రోజుల్లో బాగా తెలిసింది. పాడేరు వైపు ఒక ఊళ్లో ఒక ఇంటికి వెళ్లాం. ఫారంలో మొదటి ప్రశ్నే, "ఈ కుటుంబంలో ఎంతమంది?" ఆ ఇంటి పెద్దావిడ తిరిగి మమ్మల్నే అడిగింది, "ఎవర్ని లెక్కపెట్టమంటారు?" అని. పెద్దకొడుకు అదే కప్పు కింద ఉంటాడు, వంట వేరు. చిన్నకొడుకుది వేరే గుడిసె, రేషన్ కార్డూ వేరే, కానీ రెండు పూటలా తల్లి దగ్గరే తింటాడు. మనవరాలు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి సెలవులకు వస్తుంది. అల్లుడు ఇటుకబట్టీల పనికి పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. మన జనగణన లెక్కలో కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు. అంటే కప్పునూ కార్డునూ పక్కన పెట్టి పొయ్యిని చూడాలి. ఇది తెలియని ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి వివరాలు రాసేవాడు) రేషన్ కార్డు చూసి రాసుకుపోతాడు. తర్వాత నీలాంటి వాళ్లు చల్లటి గదిలో కూర్చొని 'సగటు కుటుంబ పరిమాణం' అని దశాంశ స్థానాలతో లెక్క తీస్తారు. 2011 తర్వాత ఇన్నేళ్లకు వస్తున్న జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. ఈసారి కులాల లెక్క కూడా ఉంది. ఈ అంకెలు నీ తరమే వాడుతుంది. అవి ఎలా పుడతాయో నీకు తెలియాలని నా కోరిక.

వయసు సంగతి చూడు. జనాభా పట్టికల్లో 40, 45, 50 దగ్గర కుప్పలు పడి ఉంటాయి. ఆ కుప్పల్ని కొలిచే విప్పుల్ సూచీ నీ డెమోగ్రఫీ పేపర్లో వస్తుంది. ఎవరూ అంకెను గుండ్రం చేయకపోతే 100, అందరూ 0తోనో 5తోనో ముగిసే వయసే చెబితే 500. సూచీ 180 వస్తే లెక్కలో తేడా ఉందని తెలుస్తుంది, ఆ తేడాను ఇంటి ముందు ఎలా సరిచేయాలో తెలియదు. కృష్ణా తీరంలో అయితే, "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నీకు పెళ్లయిందా అమ్మా?" అని అడగాలి. అది 1977 నవంబరు. మీ వైపు చిన్నపిల్లల వయసుకైతే హుద్‌హుద్ తుఫాను ఉంది, 2014 అక్టోబరు. ఒక ఊరి జ్ఞాపకాల్లోంచి ఇలాంటి సంఘటనల పట్టిక తయారుచేయడం ఆంత్రొపాలజీ వాళ్లు బాగా ఎరిగిన పని. ఆదాయమూ అంతే. కాఫీ, మిరియం, పసుపు, చింతపండు అమ్ముకునే ఇంట్లో "నెలకు ఎంత వస్తుంది?" అంటే, "ఏ నెల?" అంటారు. వాళ్ల డబ్బు పంటకూ సంతకూ వస్తుంది, ఒకటో తారీఖుకు రాదు.

మనకు బాగా దగ్గరి విషయం మేనరికం. డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే బ్రిటిష్ డాక్టరు 1898లో టోరెస్ జలసంధి దీవుల్లో వంశవృక్షాలు రాసుకునే పద్ధతిని రూపొందించాడు. తర్వాత మన నీలగిరుల్లోని తోడా గిరిజనుల దగ్గరా అదే పద్ధతి వాడాడు. ఇప్పటి పటాల్లో మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు. మీ ఇంటిదే ఒకటి గీసి చూడు. మూడు తరాలు దాటేలోపే ఎక్కడో ఒక గీత తిరిగి మొదటికి వచ్చి కలుస్తుంది. మేనమామను చేసుకుంటే పిల్లలకు ఇన్‌బ్రీడింగ్ గుణకం (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చే అవకాశం) 1/8, మేనబావను చేసుకుంటే 1/16. పిఠాపురంలో పుట్టి జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు గారు 1960ల్లో మన ఆంధ్ర జిల్లాల మేనరికాల మీద చేసిన పరిశోధనను జన్యుశాస్త్రంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. 1/16 లెక్క నీ మేజర్ నేర్పుతుంది. అత్తగారు సొంత మేనత్తే అయితే పిల్లకు ఆ ఇంట్లో ఎంత ధైర్యమో, పొలం చీలిపోకుండా ఎలా నిలుస్తుందో, పుట్టిల్లు పక్క వీధిలోనే ఉండటం అంటే ఏమిటో నీ మైనర్ నేర్పుతుంది. ఈ రెండోది తెలియకుండా "మేనరికం వద్దు" అని పోస్టర్ అంటించి వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. జనం ఆ పోస్టరు చదువుతారు, పెళ్లి మాత్రం అనుకున్నట్టే చేస్తారు.

ఇంకొకటి ముందే తెలుసుకో. ఈ సబ్జెక్టు గతంలో మచ్చలున్నాయి, లోతైనవి. రిస్లీ అనే ఇంగ్లిషు అధికారి ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, దాన్ని బట్టి కులాలకు ఎక్కువ తక్కువలు కట్టాడు. 1901 జనగణన ఆయన చేతి మీదే మొదలైంది. మద్రాసు మ్యూజియంలో థర్స్టన్ కూడా అలాగే జనాన్ని కొలిచాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే కొందరిని దొంగలంది. బాపట్ల పక్కన స్టువర్టుపురం, ఆ చట్టాన్ని 1911లో మద్రాసు వైపుకూ విస్తరించాక ఎరుకల వాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ ముద్ర చట్టంలోంచి పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల చూపు మారడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. మనుషుల్ని వర్గాలుగా విడదీసే ప్రతి లెక్కా ఎవరో ఒకరి బతుకు మీద పడుతుంది. రేపు నువ్వు రాసే ప్రోగ్రాం ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరికి పెన్షన్ ఆపాలో తేల్చవచ్చు. రిస్లీ గురించి చదివినవాళ్ల చెయ్యి అక్కడ కాసేపైనా ఆగాలి. ఈ సబ్జెక్టు తీసుకోమని నేను గట్టిగా చెప్పడానికి మిగతా కారణాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఎప్పుడు తీసుకోకూడదో కూడా చెప్తాను. ఆంత్రొపాలజీ చదివిన అధ్యాపకులు మీ కాలేజీలో లేకుండా, వేరే సబ్జెక్టు వాళ్లు గైడు చూసి చెబుతుంటే వద్దు. ఫీల్డ్‌వర్క్ కాగితం మీదే ఉంటే వద్దు. ఫారం ఇచ్చేముందు డిపార్ట్‌మెంటుకు వెళ్లి, పోయినేడు పిల్లలు ఏ ఊరికి వెళ్లారు, ఎన్ని రాత్రులు ఉన్నారు, వాళ్ల రిపోర్టులు చూడవచ్చా అని అడుగు. రిపోర్టులు బయటికి తీసి ఇష్టంగా చూపించారంటే అక్కడ చదువు ఉందన్నమాట. మీ నాన్నగారినీ వెంట తీసుకెళ్లు. ఆడపిల్ల తెలియని ఊళ్లకు వెళ్లాలంటే తండ్రికి బెంగ ఉంటుంది. టీచర్లు వెంట ఉంటారని, ఎక్కడ బస చేస్తారో వాళ్ల నోటి నుంచే ఆయన వింటే సగం బెంగ తీరుతుంది.

నీ మొదటి ప్రాజెక్టు కూడా నాకు కనిపిస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో 'స్త్రీ శక్తి' కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. కండక్టరు వాళ్లకు జీరో టికెట్ కొడతారు. ఎంతమంది ఎక్కారో మెషిన్ చెబుతుంది. ఎందుకు ఎక్కారో దానికి తెలియదు. ఆస్పత్రికా, కూలికా, సంతకా, బిడ్డ కాన్పుకా? ఇదివరకు నెలకోసారి పుట్టింటికి వెళ్లే ఆవిడ ఇప్పుడు వారానికోసారి వెళ్తోందా? ఆ టికెట్ డబ్బు ఇంట్లో ఎవరి చేతిలో మిగిలింది? సంతరోజు ఏ ఊరి స్టాపులో ఎవరు ఎక్కుతారో, సీటు కోసం ఎవరు ఎవరితో గొడవపడతారో మీ నాన్నగారికి తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు. అనుమతి తీసుకొని ఒకే రూటు పట్టుకో, ప్రయాణికులను అడిగి, వాళ్లు సరేనంటేనే రాసుకో, పేర్లు రాయకు, ఫొటోలు తీయకు. సాయంత్రం ఇంటికొచ్చాక మొట్టమొదటి ఇంటర్వ్యూ మీ నాన్నగారితోనే చెయ్యి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో సంవత్సరం. ఇప్పుడు ఆంత్రొపాలజీ మైనర్ చేస్తానంటోంది. దానివల్ల చదువు లేటవుతుందా? తర్వాత అక్కడ ఉద్యోగానికి, వీసాకు ఇబ్బంది వస్తుందా?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వీసా గురించి కంగారు వద్దమ్మా. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు డిగ్రీ తర్వాత వచ్చే ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పని చేసే అనుమతి), దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సుల వాళ్లకు దొరికే 24 నెలల పొడిగింపు మేజర్‌ను బట్టే ఉంటాయి. మేజర్ కంప్యూటర్ సైన్స్‌గా ఉన్నంతకాలం మైనర్ దానికి అడ్డూ కాదు, సాయమూ కాదు.

చూసుకోవాల్సింది కాలం, ఫీజు. అక్కడ మైనర్ అంటే మామూలుగా ఐదారు కోర్సులు. అందరూ చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల్లో కొన్ని వీటితోనే తీరిపోయే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది. అలా కలిసొస్తే అదనపు భారం పెద్దగా ఉండదు. కలవకపోతే ఒక సెమిస్టర్ పెరగవచ్చు, డాలర్లలో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి అకడమిక్ అడ్వైజర్ దగ్గర కూర్చొని మిగిలిన సెమిస్టర్లన్నింటికీ కోర్సులు రాయించుకొని, ఆ కాగితం మీకు పంపమనండి. రెండో సంవత్సరంలోనే అడుగుతోంది కాబట్టి సర్దుకోవడానికి ఇంకా సమయం ఉంది.

అక్కడ ఆంత్రొపాలజీలో నాలుగు శాఖలు కలిపి చెబుతారు: సంస్కృతి, మనిషి శరీరం, పురావస్తువు, భాష. మీ అమ్మాయిని ఆ నాలుగో శాఖ కోర్సు ఒకటి తప్పకుండా తీసుకోమనండి. ఫోనుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు, ఒకే ఇంట్లో అమ్మమ్మ మాట వేరు, మనవరాలి మాట వేరు ఎందుకవుతాయో తెలిసి ఉండాలి. ఖమ్మం యాస ఇంట్లో విని పెరిగిన పిల్లకు అక్కడ చెప్పడానికి చాలా ఉంటుంది.

ప్రశ్న: నేను ఆసిఫాబాద్ జిల్లా నుంచి బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. సివిల్స్‌లో ఆంత్రొపాలజీ ఆప్షనల్ తీసుకోవాలని ఉంది. మా కాలేజీలో ఆ సబ్జెక్టే లేదు. మైనర్‌గా కూడా చదవని వాడికి కుదురుతుందా?
— ఒక విద్యార్థి

జవాబు: కుదురుతుంది బాబూ. ఆప్షనల్‌కు ఆ సబ్జెక్టులో డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 250 మార్కులు. ఆర్ట్స్ వాళ్లను ఇబ్బంది పెట్టేది మొదటి పేపర్లోని మానవ పరిణామం, జన్యుశాస్త్రం భాగం. దాన్ని చివరికి నెట్టకుండా ముందే మొదలుపెట్టు. ఇగ్నో వాళ్ల ఆంత్రొపాలజీ పాఠాలు ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, డబ్బు పెట్టి నోట్సు కొనేముందు అవి చదువు. డిగ్రీ తర్వాత పద్ధతిగా చదవాలనిపిస్తే అదే ఇగ్నోలో దూరవిద్యగా ఎం.ఏ. ఆంత్రొపాలజీ ఉంది.

రెండో పేపరు మన దేశం గురించి, గిరిజనుల గురించి. దానికి నీ జిల్లాకు మించిన పుస్తకం లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీమ్ చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆంత్రొపాలజిస్టు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో కాపురం పెట్టి గోండుల మధ్య ఉన్నారు. భూమి పట్టాల కోసం, గోండు పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పే టీచర్ల శిక్షణ కోసం ఆయన పని చేశారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. పోడు, పట్టా, అటవీ హక్కుల మీద పరీక్షలో ప్రశ్న వస్తే కోచింగ్ నోట్సులో ఉన్న నాలుగు ముక్కలే అందరూ రాస్తారు. నువ్వు మార్లవాయి వెళ్లి, పట్టా ఉన్న ఇంటినీ లేని ఇంటినీ అడిగి రాసుకో. వీలైతే పుష్యమాసపు అమావాస్యకు మొదలయ్యే కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లి, మెస్రం వంశం వాళ్లు ఏ పని ఎవరికి అప్పగిస్తారో చూడు. వంశవ్యవస్థ మీద ప్రశ్నకు అంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. నీకు గోండీ వస్తే ఇంకా మంచిది, రాకపోతే ఈ ఏడాదే నేర్చుకోవడం మొదలుపెట్టు.